జీరో టికెట్టు

నా ఆదివారం మంగళవారం వస్తుంది.
డిపో చార్టులో అలాగే రాసుంది:
సులోచన, కండక్టరు, వీక్లీ ఆఫ్ మంగళ.
ఏడేళ్లుగా అంతే.

ఆదివారం చీకటుండగానే
సూరిబాబు అద్దం ముందు అగరొత్తి గుచ్చుతాడు.
ఆయన దండం పెట్టుకునేంత సేపూ
నేను వెనక సీట్లో కళ్లు మూసుకుంటాను.
ఇద్దరివీ అయ్యాక
ఒకటే హారను.

తొమ్మిదొందల కె. స్టేషన్ నుంచి భీమిలి.
దారిలో ఆరాధన నాకు ముక్కలుగా దొరుకుతుంది.
జగదాంబ దగ్గర రెడ్ పడితే ఒక పల్లవి.
పెదవాల్తేరులో, మైకులో, ఎవరిదో సాక్ష్యం:
"నాకు అప్పుడు నూట నాలుగు జ్వరమండి..."
అంతే, బస్సు మలుపు తిరిగిపోతుంది.
ఆ జ్వరం తగ్గిందో లేదో తెలియక
సాయంత్రం దాకా నేనే మోస్తాను.
ప్రభువా, ఆ జ్వరం మనిషి, అని
అప్పుఘర్ దాటుతూ అడుగుతాను.
పేరు ఆయనకు తెలుసు కదా.
ఆఖరి ఆమెన్ ఎక్కడో సాగర్‌నగర్‌లో అందుతుంది,
వేరే సంఘానిది.

తెల్లచీరలు ఎక్కుతాయి,
జిప్పు కవర్లలో గ్రంథాలు,
పిల్లల గుప్పిట్లో చెమట పట్టిన కానుక నాణేలు.
కార్డు చూపిస్తారు, జీరో కొట్టిస్తాను.
మొన్న మంగమారిపేటలో ఒక అవ్వ ఎక్కింది.
చేపల వాసన ఆదివారం సబ్బుకు లొంగలేదు.
ఇరవై నోటు చాపింది.
ఆడవాళ్లకి ఊరికేనమ్మా, అన్నాను.
"ఊరికినే ఎలగొస్తాదే అమ్మా?
కూకున్నాను కదా సీట్లో."
నీ బదులు ఎవరో కట్టేశార్లే అవ్వా, అన్నాను.
అని,
నేనే ఆగిపోయాను.
మిషను గుర్రుమని సున్నా రూపాయల చీటీ తోసింది.
ఆమె దాన్ని రెండు మడతలు పెట్టి
రవికలో దాచుకుంది,
పోతే దించేస్తారన్నట్టు.

దైవాశీర్వాదం అయ్యగారు ఒకసారి ఇంటికొచ్చారు.
టీ చల్లారేదాకా ఏమీ అనలేదు.
"నీ చాప అక్కడే పరిచుందమ్మా," అన్నారు లేచేటప్పుడు.
కోపం లేదు ఆ గొంతులో.
ఉంటే బాగుండేది.

నిజం చెప్పాలంటే తప్పు చార్టుది కాదు.
మా ఆయన పోయినప్పుడు
అందరూ మంచివాళ్లే, అందరూ వచ్చారు,
అందరూ తొందరగా ఓదార్చారు.
దేవుడి చిత్తం అనే మాట పద్నాలుగుసార్లు విన్నాను.
లెక్కపెట్టడం నా ఉద్యోగం.
ఆ మరుసటి నెల
ఆదివారం డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నాను.
అయ్యగారికి ఇది చెప్పలేదు.
పై ఆయనకు చెప్పాను, అరిచి,
కంచరపాలెం గేటు దగ్గర గూడ్సు పోతున్నప్పుడు.
అరవై డబ్బాలు. సరిపడా టైమిచ్చాడు.

మంగళవారం ఖాకీ చొక్కా నానబెట్టి మేడెక్కుతాను.
నీళ్ల ట్యాంకు నీడలో ఒక పేజీ,
ఒక్కోసారి అర పేజీ.
ఒక్కోసారి కళ్లు అక్షరాలకు పాసు చూపించి
ఏమీ చెప్పకుండా దిగిపోతాయి.
అప్పుడిక లేచి ఉతుకుతాను.
కాలరు మురికి వదిలేదాకా రుద్దుతూ
వారమంతా ఎక్కినవాళ్లని తలుచుకుంటాను:
కట్టు కట్టిన చేత్తో కడ్డీ పట్టుకున్న కుర్రాణ్ని,
కేజీహెచ్ దగ్గర ఎక్కి స్టాపేదో చెప్పలేకపోయినామెను,
నాతో చిల్లరకి తగువాడి
దిగేటప్పుడు మొహం తిప్పుకున్నాయన్ని.
ఆమెన్ అనడానికి పక్కన ఇంకో గొంతు ఉండదు.
అది లోటే.
కాదని అబద్ధమాడను.
పాట ఎత్తుకుంటే రెండో చరణంలో శ్రుతి జారుతుంది,
పట్టుకునేవాళ్లుండరు.

అవ్వ ఎక్కిన ఆ రాత్రి
డిపోలో క్యాష్ కడుతుంటే ఇరవై ఎక్కువొచ్చింది.
మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై.
పాత నోటు, మూల చిరిగి,
ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుచేప.
దిగేటప్పుడు సంచిలో ఎప్పుడు తోసిందో.

"ఎక్కువొస్తే రాసివ్వాలమ్మా," అన్నాడు క్యాషియరు.
రాసిచ్చాను.
తేదీ, రూటు, మొత్తం, సంతకం.
కారణం అనే గడి దగ్గర పెన్ను పట్టుకుని
చాలాసేపు నిలబడ్డాను.
వెనక లైను కదలమంటోంది.
ఖాళీగానే వదిలేసి
ఇంటికొచ్చేశాను.